ప్రయాణ భత్యం ‘చెల్లించబడదు’ – ఎవరిచేత?



ఉద్యోగ ప్రకటనలు చదివే అలవాటు పదవీ విరమణ తరువాత కూడా నన్ను వదలలేదు. నా కోసం కాదు, నా దగ్గర చదువుకున్న పిల్లల కోసం. ఏ ప్రకటన చూచినా అట్టడుగున, చీమతలకాయంత అక్షరాలలో ఇంచుమించు ఒకే వాక్యం కనిపిస్తుంది: “ఇంటర్వ్యూకు హాజరగు అభ్యర్థులకు ఎటువంటి ప్రయాణ భత్యము గాని, దినభత్యము గాని చెల్లించబడదు.”

తెలుగు పండితుణ్ణి కనుక ముందుగా వ్యాకరణం సంగతి చూస్తాను. ‘చెల్లించబడదు’ అన్నది కర్మణి ప్రయోగం. మన నుడికారానికి అంతగా పొసగనిది. కర్తరిలో వ్రాస్తే “మేము చెల్లించము” అనవలసి వస్తుంది. అలా వ్రాస్తే చదివినవాడు వెంటనే “ఎందుకు చెల్లించరు?” అని అడుగుతాడు. కర్మణిలోనైతే కర్త చక్కగా తప్పుకుంటాడు. పడమట సూర్యుడు ఉదయించడు అన్నంత సహజంగా, అదేదో ప్రకృతిధర్మమైనట్టుగా, భత్యం ‘చెల్లించబడదు’. ఈ టపాలో నేను చేయదలచినది ఆ తప్పుకున్న కర్తను చెయ్యి పట్టుకొని వాక్యంలోకి తీసుకొని రావడమే.

నా వాదన సూటిగా ఇది. దూరం నుంచి అభ్యర్థిని ముఖాముఖికి పిలిచిన యజమాని, ఉద్యోగం ఇచ్చినా ఇవ్వకపోయినా, సామాన్య తరగతి రానుపోను ఛార్జీ భరించి తీరాలి. దానంగా కాదు, దయతో కాదు, పిలిచిన బాధ్యతగా.

ముందు ఖర్చు ఎంతో చూద్దాం. లెక్క తెలియకుండా ఇది చిల్లర విషయమనేవారు చాలామంది ఉన్నారు.

మా శ్రీకాకుళం ప్రాంతం వారికి రైలెక్కే చోటు ఆమదాలవలస. అక్కడి నుంచి సికింద్రాబాదు సుమారు ఎనిమిది వందల కిలోమీటర్లు. ఇంటర్వ్యూ పిలుపు నాలుగైదు రోజుల ముందు వస్తే మామూలు రిజర్వేషను దొరకడం కల్ల. తత్కాల్ శరణ్యం. ప్రయాణానికి ముందురోజు పదకొండు గంటలకు స్లీపరు తత్కాల్ తెరుచుకుంటుంది, మామూలు ఛార్జీ మీద మరో వంద నుంచి రెండు వందల దాకా అదనం. రానుపోను టికెట్లు, ఇంటి నుంచి స్టేషనుకు ఆటో, సికింద్రాబాదు నుంచి మాదాపూరు దాకా మరో ప్రయాణం, రెండు రోజుల తిండి, ధ్రువపత్రాల నకళ్ళు. ఎంత పొదుపరికైనా రెండువేలకు దగ్గర పడుతుంది. స్నానానికి, చొక్కా మార్చుకోవడానికి స్టేషను విశ్రాంతి గది. పడుకోవడానికి అదే గదిలో బల్ల.

రెండువేలంటే ఎంత? 2024-25లో మన రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఉపాధి హామీ పనికి ప్రకటించిన రోజుకూలి 300 రూపాయలు. అంటే, ఇరవై నిమిషాల ఇంటర్వ్యూకు ఒక కూలి ఇంటి దాదాపు ఏడు రోజుల సంపాదన. అది కూడా ఒక ఇంటర్వ్యూకు. మొదటి పిలుపుకే కొలువు దొరికే అదృష్టవంతులెందరు? ఆరు పిలుపులకు వెళ్ళేసరికి తల్లి మెడలోనో చెవులకో ఉన్నది తాకట్టుకు చేరుతుంది.

ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పాలి. రాత్రి రైలులో, ముఖపరిచయం లేని నగరానికి, ఇరవై రెండేళ్ళ పిల్లను ఒంటరిగా పంపడానికి మా పల్లెలలో తల్లిదండ్రులు నేటికీ జంకుతారు. తోడుగా తండ్రో అన్నో వెళ్ళాలి. అంటే ఖర్చు రెట్టింపు, పైగా ఆ తోడు వచ్చినవాడి కూలి నష్టం. మా బడిలో చదివి రసాయన శాస్త్రంలో ఎం.ఎస్సీ. చేసిన ఒక అమ్మాయికి హైదరాబాదులోని ఒక ఔషధ సంస్థ నుంచి పిలుపు వచ్చింది. వెళ్ళలేదు. “అదేమిటమ్మా?” అంటే, “ఉద్యోగం వస్తుందో రాదో తెలియదు మాస్టారూ, రెండు టికెట్లు మాత్రం ఖాయం కదా!” అన్నది.

ఆడవారికి బస్సు ఉచితమే కదా అని ఎవరైనా అనవచ్చు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆ సదుపాయం మొదలైన మాట నిజం. మంచి పని. అయితే అది పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి సర్వీసులకు, ఆయా రాష్ట్రాల సరిహద్దుల లోపలి ప్రయాణానికి పరిమితం. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది గాని, కొలువులు రెండుగా పంచుకోబడలేదు. శ్రీకాకుళం పిల్ల నేటికీ హైదరాబాదు పోవలసే ఉన్నది. పైగా ప్రభుత్వం టికెట్టు మాఫీ చేస్తే యజమాని బాధ్యత తీరిపోతుందా? సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటున్నది. ఇంటర్వ్యూకు వచ్చి ఓడిపోయినవాడి పేరు ఎక్కడో ఒక కాగితం మీద ఉంటుంది. ఛార్జీలు లేక రానివాడి పేరు పక్కన ‘గైర్హాజరు’ అని మాత్రం ఉంటుంది. వాడికి ఆసక్తి లేదని సంస్థ అనుకుంటుంది. “మేము ప్రతిభను మాత్రమే చూచి ఎంపిక చేశాము” అని చెప్పుకుంటుంది. కాదు మహాశయా! మీ గది తలుపు దాకా రాగలిగినవారిలో ప్రతిభను చూచారు. ఆ వడపోత మీకంటే ముందు రైల్వే టికెట్టు కిటికీ దగ్గర జరిగిపోయింది.

ఇక ధర్మం మాట. పిలిచినవాడే దారిబత్తెం పెట్టుకోవాలన్నది నేను కొత్తగా కల్పించిన సూత్రం కాదు. అవధానానికి అవధానిని పిలిస్తే రాకపోకలు, బస, భోజనం సభవారే చూస్తారు, సంభావన వేరు. అవధానంలో ఎక్కడైనా ధార కుంటుపడిందని ఎవరూ టికెట్టు డబ్బులు వెనక్కి అడగరు. పదవ తరగతి జవాబు పత్రాలు దిద్దడానికి మమ్మల్ని జిల్లా కేంద్రానికి పిలిచిన ప్రతి వేసవిలోనూ ప్రయాణ భత్యం, దినభత్యం లెక్క కట్టి ఇచ్చారు. న్యాయస్థానాల పద్ధతి చూడండి. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడు 16వ ఆర్డరు 2వ రూలు ప్రకారం, సాక్షికి సమను పంపమని కోరిన కక్షిదారు ఆ సాక్షి రాకపోకల ఖర్చూ ఒక రోజు హాజరు ఖర్చూ సమను జారీకి ముందే కోర్టులో కట్టాలి. సాక్షి చెప్పే సాక్ష్యం కక్షిదారుకు పనికివస్తుందా లేదా అన్న ప్రశ్న అక్కడ పుట్టదు. పిలిచావు, కట్టు. అంతే.

అదే ఇంటర్వ్యూ గదిలో బల్లకు అటువైపు కూర్చున్నవారి సంగతి చూస్తే మరీ విడ్డూరం. నా యౌవనంలో, పండిత శిక్షణ ముగించిన కొత్తలో, పొరుగు జిల్లాలోని ఒక ఎయిడెడ్ ఉన్నత పాఠశాల వారు తెలుగు పండితుని కొలువుకు నన్ను పిలిచారు. తెల్లవారుజామున బస్సెక్కాను. నా పక్క సీటులో ఒక పెద్దాయన. దిగేదాకా ఛందస్సు మీద హాయిగా మాట్లాడుకున్నాం. పాఠశాల గేటు దగ్గర తెలిసింది, ఆయన ఆనాటి ఇంటర్వ్యూకు విషయ నిపుణులని. సాయంత్రం గుమాస్తా ఆయనచేత కాగితం మీద సంతకం పెట్టించుకొని బస్సు ఛార్జీ, భోజనం ఖర్చు, గౌరవ వేతనం లెక్కపెట్టి ఇచ్చాడు. అదే బస్సు, అదే టికెట్టు, అదే పని మీద రాక. ఆయనకు జీతం ఉన్నది, ఛార్జీలూ వచ్చాయి. నాకు జీతం లేదు, ఛార్జీలూ లేవు. ఆ పెద్దాయన మీద నాకు కించిత్తు కోపం లేదు. ఆయనకు ఇవ్వడం సబబు. నాకు ఇవ్వకపోవడమే ఎందుకన్నది నలభై ఏళ్ళుగా ఎవరూ జవాబు చెప్పని ప్రశ్న.

పెద్ద సంస్థల తీరు కూడా ఇదే. వరంగల్లు ఎన్‌ఐటీకి, ఐఐటీలకు సంస్థలే తమ ఖర్చుతో వెళతాయి. అధికారులకు టికెట్లు, బసలు, అన్నీ సంస్థవే. ఆ విద్యార్థి వసతిగృహం నుంచి నాలుగడుగులు నడిస్తే చాలు. మారుమూల డిగ్రీ కళాశాలలో చదివినవాడు మాత్రం రాత్రంతా ప్రయాణం చేసి సంస్థ దగ్గరకు రావాలి. ఉన్నవాడి దగ్గరకు కొలువు నడిచి వస్తుంది, లేనివాడు కొలువు దగ్గరకు అప్పు చేసి నడవాలి.

ఇప్పుడు పూర్వపక్షాలు. ఒక చిన్న సంస్థ నడిపే మిత్రునితో ఈ మధ్య ఈ విషయమై గట్టిగానే వాదన జరిగింది. ఆయన మాటలనే వరుసగా తీసుకుంటాను.

మొదటిది: “ఉద్యోగం కావలసింది వాళ్ళకు. ఖర్చు మాకేమిటి?” మనిషి కావలసింది మీకు కాదా? లేకపోతే పత్రికకు డబ్బు కట్టి ప్రకటన ఎందుకు వేయించారు? నియామక ఏజెన్సీకి రుసుము ఎందుకు ఇస్తున్నారు? ప్రకటన ఖర్చు, ఏజెన్సీ ఖర్చు, కుర్చీల అద్దె, నిపుణునికి టీ, ఇవన్నీ ఎంపిక ఖర్చులైనప్పుడు అభ్యర్థి టికెట్టు మాత్రం ఎంపిక ఖర్చు ఎందుకు కాదు? కార్యం ఇద్దరిది. స్థలం, తేదీ, గంట నిర్ణయించినవారు మీరొక్కరే.

రెండవది: “ఛార్జీలిస్తామంటే విహారానికి వచ్చేవారు ఎక్కువవుతారు.” ఈ మాట విన్నప్పుడు నాకు నవ్వు రాలేదు, బాధ వేసింది. ఎనిమిది వందల కిలోమీటర్లు స్లీపరులో కూర్చొని, విశ్రాంతి గదిలో గడ్డం గీసుకొని, పరీక్షాధికారి ఎదుట చెమటలు కక్కి, మళ్ళీ రాత్రి రైలెక్కడం ఏ విహారం? అంతగా సందేహముంటే టికెట్టు చూపించమనండి, స్లీపరు ఛార్జీకి మించి ఇవ్వకండి. దానికి తోడు, వచ్చేవాడు పిలవని పేరంటానికి రావడం లేదు. మీరు దరఖాస్తు చదివి, పేరు ఎంచి, పిలిస్తే వస్తున్నాడు.

మూడవది: “చిన్నవాళ్ళం, మేమెక్కడ తట్టుకోగలం?” ఇది ఒక్కటే న్యాయమైన అభ్యంతరం. దీనికి గౌరవంగానే సమాధానం చెబుతాను. ఊళ్ళోని బట్టల దుకాణంవారు గుమాస్తా కోసం పక్క వీధి కుర్రవాణ్ణి పిలిస్తే భత్యం ప్రసక్తే రాదు. నేను అడుగుతున్నది దూరం నుంచి పిలిచేవారిని. ఒక కొలువుకు నలుగురిని దూరం నుంచి పిలిస్తే అయ్యేది కొన్ని వేలు. ఏళ్ళ తరబడి జీతమివ్వబోయే కొలువుకు అది భారమా? భారమే అయితే ముందు ఫోనులో మాట్లాడండి, చరవాణిలో ముఖం చూచి మాట్లాడండి. 2020 తరువాత అది చేతకాని సంస్థ ఏదీ లేదు. తొలి వడపోత అలా ముగించి చివరి ఇద్దరినే పిలవండి. ఇంటి నుంచి మాట్లాడితే సరిపోయే పనికి మనిషిని రప్పిస్తున్నారంటే ఆ రాక మీ అవసరం. ఆ ఖర్చూ మీదే.

నాలుగవది, ఆయన దృష్టిలో బ్రహ్మాస్త్రం: “వందలమంది వస్తారు మాస్టారూ, అందరికీ ఎక్కడిస్తాం?” నా వాదనకు అసలు ఆయువుపట్టు ఇక్కడే ఉన్నది. వందలమంది ఎందుకు వస్తున్నారు? మీరు పిలిచారు గనుక. ఎందుకు పిలిచారు? పిలవడానికి మీకు పైసా ఖర్చు కాదు గనుక. ఉచితంగా పిలవగలిగినవాడు ఆలోచించి పిలవడు. దరఖాస్తు చదివే శ్రమ మానుకొని, పది కొలువులకు ‘వాకిన్’ అని ప్రకటించి, ఎండలో బారులు తీర్చి, మధ్యాహ్నం రెండింటికి “నేటికి ఇంతే” అని తలుపు వేస్తున్నారు. తలకు రెండువేలు తమ పెట్టెలో నుంచి తీయవలసి వస్తే అప్పుడు దరఖాస్తులు చదువుతారు. పనికిరావని తెలిసినవారిని పిలవరు. ముందే నిర్ణయమైపోయిన కొలువుకు లాంఛనంగా నలుగురిని కూర్చోబెట్టరు. కనుక దారిబత్తెం వలన పేదవానికి కలిగే ఉపకారం టికెట్టు డబ్బు ఒక్కటే కాదు. పిలుపుకు విలువ వస్తుంది. పిలుపు వచ్చిందంటే నిజంగానే అవకాశం ఉన్నదని నమ్మవచ్చు.

ఈ విలువ లేకపోతే ఏమవుతుందో నా శిష్యుడొకడు అనుభవించాడు. నేతపనివారి బిడ్డ. నగరంలోని ఒక సంస్థ బుధవారం పదింటికి రమ్మన్నది. తొమ్మిదిన్నరకే వెళ్ళి కూర్చున్నాడు. పన్నెండింటికి ఒక ఉద్యోగి వచ్చి, “ఆ ఖాళీ సోమవారమే భర్తీ అయిపోయిందే, మీకు మెయిల్ రాలేదా?” అన్నాడట. రాలేదు. ఒక్క ఫోను చేసి ఉంటే ఆ ఇంటికి ఏడు రోజుల కూలి మిగిలేది. ఆ ఫోను ఎందుకు చేయలేదు? చేయకపోతే సంస్థకు పోయేది ఏమీ లేదు గనుక. వాడి ఛార్జీలు సంస్థ ఖాతాలో ఉండి ఉంటే సోమవారం సాయంత్రమే ఫోను మోగేది.

ఇదంతా ఆచరణలో అసాధ్యమని అనేవారు యూపీఎస్సీని చూడాలి. సివిల్ సర్వీసుల వ్యక్తిత్వ పరీక్షకు ఢిల్లీ వచ్చే అభ్యర్థులకు స్లీపరు తరగతి రైలు ఛార్జీ మేరకు తిరిగి చెల్లించే పద్ధతి అక్కడ ఉన్నది. 2020 జులైలో, కరోనా వలన రైళ్ళు పూర్తిగా నడవని రోజులలో, రానుపోను విమాన ఛార్జీ కూడా పరిమితికి లోబడి ఇచ్చారు. రైల్వే నియామక పరీక్షలకు ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు స్లీపరు తరగతిలో ఉచిత ప్రయాణ సదుపాయం ఉన్నది. మరోవైపు, కింది స్థాయి కొలువులకు ఇంటర్వ్యూయే అనవసరమని తలచి 2016 జనవరి 1 నుంచి కేంద్రం గ్రూపు-సి, గ్రూపు-డి, గెజిటెడ్ కాని గ్రూపు-బి ఉద్యోగాలకు వాటిని ఎత్తివేసింది. పిలిస్తే ఛార్జీ ఇవ్వు, లేదా పిలవడం మానుకో. రెండూ సాధ్యమేనని ప్రభుత్వమే చేసి చూపించింది. మరి అదే ప్రభుత్వాల సొమ్ముతో నడిచే విద్యాలయాలు అతిథి అధ్యాపకుల కొలువులకు వాకిన్ ప్రకటించి ‘చెల్లించబడదు’ అని వ్రాయడం ఏ నీతి?

జర్మనీ వారి పద్ధతి ఒకటి చెప్పి ముగింపుకు వస్తాను. 1900 నుంచి అమలులో ఉన్న వారి పౌరస్మృతిలో 670వ విభాగం, ఒకరు అప్పగించిన పని మీద మరొకరు పెట్టిన సమంజసమైన ఖర్చును అప్పగించినవారు తీర్చాలంటుంది. ఆ సూత్రాన్నే అక్కడి న్యాయస్థానాలు ఇంటర్వ్యూ పిలుపుకూ వర్తింపజేశాయి. ఇవ్వదలచుకోని యజమాని ఆ మాట పిలుపులోనే స్పష్టంగా చెప్పాలి. చెప్పకపోతే కట్టాలి. నాకు ఇది సగం న్యాయమే అనిపిస్తుంది, చెప్పేస్తే తప్పించుకోవచ్చు గనుక. అయినా మౌనం అభ్యర్థికి అనుకూలంగా పని చేస్తుంది. మన దగ్గర మౌనమూ యజమానికే, మాటా యజమానికే.

నేను కోరేవి పెద్ద కోరికలు కావు. వంద కిలోమీటర్లు దాటిన దూరం నుంచి పేరుపెట్టి పిలిచిన అభ్యర్థికి స్లీపరు లేదా ఎక్స్‌ప్రెస్ బస్సు ఛార్జీ రెండువైపులా ఇవ్వాలి. ఆడపిల్లకు తోడు వచ్చినవారికీ ఇవ్వాలి. ఇచ్చేది ఆ రోజే, ఆ గదిలోనే చేతికి ఇవ్వాలి. అప్పు చేసి వచ్చినవాడికి మూడు నెలల తరువాత ఖాతాలో వేస్తే వడ్డీ ఎవరు కడతారు? వీలైతే టికెట్టే ముందుగా పంపాలి. ఇంటర్వ్యూ రద్దయినా, వాయిదా పడినా, బయలుదేరినవాడి ఖర్చు సంస్థదే. ప్రభుత్వ సొమ్ముతో నడిచే సంస్థలకు ఇది ఒక్క ఉత్తర్వుతో అయ్యే పని. ప్రైవేటు సంస్థలకు చట్టం వచ్చేదాకా, కనీసం తమ నిర్ణయాన్ని కర్తరిలో వ్రాసే ధైర్యమైనా ఉండాలి.

చివరిగా, ఈ బ్లాగు చదివే మిత్రులలో సాఫ్ట్‌వేర్ రంగంలో పైస్థానాలలో ఉన్నవారు, అమెరికాలో స్థిరపడినవారు పలువురు ఉన్నారు. మీలో కొందరిని సంస్థలు విమానం టికెట్టు, హోటలు గది ఇచ్చి ఇంటర్వ్యూకు పిలిచి ఉంటాయి. అప్పుడు అది మీకు భిక్ష అనిపించలేదు, మర్యాద అనిపించింది. సూత్రం సంస్థలకు తెలియనిది కాదు, ఎవరికి వర్తింపజేయాలన్నదే తేడా. నేడు బల్లకు అటువైపు మీరు కూర్చుంటున్నారు. రేపు మీ కార్యాలయం నుంచి వెళ్ళే పిలుపు లేఖ ఒకసారి తెప్పించుకొని చివరి వాక్యం చదవండి. దానిని మార్చే అధికారం మీ చేతిలో ఉంటే మార్చండి. లేకపోతే ఆ అధికారం ఉన్నవారిని అడగండి. ఏమన్నారో ఇక్కడ వ్యాఖ్యలో వ్రాయండి. నాతో విభేదించేవారికి ఇంకా సాదర స్వాగతం. దారి ఖర్చులు లేవు కదా, నిరభ్యంతరంగా రండి!